పియానో పలక

ఫిల్మ్‌నగర్‌లో ముహూర్తం రోజున మొక్కించుకోని వస్తువంటూ ఉండదు. కెమెరాకు బొట్టు పెడతారు, లైటు స్టాండుకు దండ వేస్తారు, కథ ఇంకా రాయకపోయినా తెల్లకాగితాల కట్టకు పసుపు రాసి దేవుడి ముందు పెడతారు. అచ్యుతరామయ్యగారు కొడుకును హీరోను చేస్తూ తీస్తున్న సినిమాలో అబ్బాయి చేతిలో గిటారు ఉంటుంది. అందుకని ఆ రోజు గిటారుకు కూడా పూజ జరిగింది. పసుపూ కుంకుమాతో ఆగితే తుడిస్తే పోయేది. నిర్మాతగారి భార్య పుష్పవల్లిగారికి భక్తి జాస్తి. హారతి పళ్ళెం సమయానికి కనబడకపోయేసరికి, గిటారు పొట్టమీదే ఒక తమలపాకు పరిచి, దానిమీద నాలుగు కర్పూరం బిళ్ళలు పెట్టి వెలిగించింది. తమలపాకు ఎంతసేపు ఆగుతుంది? ఆకు మాడి, పాలిష్ అంటుకుని, చెక్క పొగ చిమ్ముతుంటే కూడా జనం వరసలో వచ్చి కళ్ళకద్దుకుంటూనే ఉన్నారు. చివరికి ఒక బుద్ధిమంతుడు అప్పుడే కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు దానిమీద కుమ్మరించాడు. ఇంకో బుద్ధిమంతుడు ఎండలో ఆరబెట్టాడు. సాయంత్రానికి గిటారు పైపలక నడిమికి చీలి, చీలిక అంచులు పైకి లేచాయి.

ఆ గిటారు జోజి అనే వాయిద్యగాడిది, ముహూర్తానికని అడిగి తెచ్చుకున్నారు. చేసింది బెన్‌హర్. పదిహేనేళ్ళ కిందట, చూపు బాగున్న రోజుల్లో చేశాడు.

మర్నాడు పొద్దున్నే జోజి, ప్రొడక్షన్ మేనేజర్ వీరరాఘవయ్య కలిసి దాన్ని ఒక సన్మానం శాలువాలో చుట్టి తెచ్చారు. కృష్ణానగర్ దాటి యూసుఫ్‌గూడ వైపు దిగే సందులో, కొమురమ్మ ఇంటి ముందు వాటాలో బెన్‌హర్ కొట్టు. బెన్‌హర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళలో శుక్లాలు ముదిరి రెండేళ్ళుగా ఉలి పట్టడం లేదు. పని చేసేది కూతురు కరుణాకుమారి. తెనాలి పక్క పల్లెలో అమ్మమ్మ దగ్గర పదో తరగతి దాకా చదివి, పదహారో ఏట తండ్రి దగ్గరికి వచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఈ గదిలోనే చూస్తూ, చేస్తూ నేర్చుకుంది. వచ్చినవాళ్ళకు ఆమె గోడకున్న మేకులాగే కనబడేది. ఆమెకు మాత్రం వచ్చినవాళ్ళందరూ చాలా స్పష్టంగా కనబడేవారు.

"మూత మార్చెయ్యాలి బెన్‌హర్‌గారూ," అన్నాడు వీరరాఘవయ్య శాలువా విప్పుతూ. "రేపు సాయంత్రానికి ఇచ్చేస్తే మనకేం గొడవుండదు."

"మూతా? ఇదేమన్నా ఆవకాయ జాడీయా?"

"ఏదోనండీ, దాన్నేమంటారో మాకేం తెలుసు. పైది. కాలింది చూశారూ, అది."

బెన్‌హర్ గిటారును ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమాడు. కాలిన చోట వేలు ఆగింది. చీలిక వెంబడే పైనుంచి కిందికి జరిగింది. గోటితో ఒకసారి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పగిలిన కుండ మోగినట్టు మోగింది.

"దీపం పెట్టుకోవడానికి మీకు ఇంకేం దొరకలేదా?"

వీరరాఘవయ్య గొంతు తగ్గించాడు. "అది పూజండీ. అసలు సంగతి చెబుతాను వినండి. ముహూర్తం రోజు హీరో చేతిలో వస్తువు కాలిందంటే అపశకునం. ఈ సంగతి బయ్యర్ల చెవిన పడిందా, సినిమా కొనేవాడుండడు. సెంటిమెంటు. అందుకని చడీచప్పుడు లేకుండా మార్చెయ్యాలి. పాత మూత ఎవరి కంటా పడకుండా కాల్చేద్దురూ."

"మీరు సగం కాల్చారుగా. మిగతా సగం మేం కాల్చాలా?"

జోజి గబుక్కున నవ్వి, వీరరాఘవయ్య నవ్వలేదని చూసి మానేశాడు. అతని నవ్వు ఎప్పుడూ అంతే, పక్కవాడి మొహం చూసుకుని గాని పూర్తయ్యేది కాదు.

"పదకొండు రోజులు పడుతుంది," అంది కరుణ.

గోడలోంచి మాట వచ్చినట్టు చూశాడు వీరరాఘవయ్య. "పదకొండు రోజులా! పదకొండు రోజుల్లో మేం అరగంట సినిమా తీస్తాం అమ్మాయ్."

"తీస్తారండీ. చూశాను," అంది కరుణ.

పొగడ్త అనుకుని ఆయన తలాడించాడు. వెళ్తూ వెళ్తూ బెన్‌హర్ చెవిలో, "పని మీరే చెయ్యాలి సుమండీ. అమ్మాయి చేతికివ్వకండి," అన్నాడు. బెన్‌హర్ తెల్లబడ్డ కళ్ళతో ఆయన మొహం ఉందనుకున్న వైపు చూసి, "నా కళ్ళముందే జరుగుతుందండీ," అన్నాడు.

కారు వెళ్ళాక జోజి అక్కడే నిలబడిపోయాడు. యాభై దాటిన మనిషి, తెల్లచొక్కా, జేబులో దువ్వెన. మద్రాసులో పదిహేనేళ్ళు రికార్డింగుల్లో నాలుగో గిటారు వాయించాడు. పరిశ్రమ హైదరాబాదు వస్తుంటే వెంట వచ్చాడు. అతనికంటే ముందు కీబోర్డు వచ్చి కూర్చుంది. వయొలిన్లు పదీ దాంట్లోనే, తబలా దాంట్లోనే. ఎనిమిది నెలలుగా జోజికి పిలుపు లేదు.

"నువ్వెందుకు ఆపలేదు బాబాయ్?" అంది కరుణ.

"ఎలా ఆపనమ్మా? పూజ కదా. అందులోనూ నేను మనవాణ్ణి. శిలువ మెళ్ళో వేసుకున్నవాడు హారతి ఆర్పమన్నాడంటే ఎంత మాటొస్తుంది?"

"మరి చూస్తూ నిలబడ్డావా?"

జోజి దువ్వెన తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "నిలబడితే బాగుండదని... నేనూ వెళ్ళి కళ్ళకద్దుకున్నాను."

బెన్‌హర్ మంచం మీద పడీ పడీ నవ్వాడు. కరుణకు నవ్వు రాలేదు. సొంత గిటారు కాలుతుంటే ఆ మంటను కళ్ళకద్దుకున్న మనిషి మీద ఆమెకు పుట్టుకొచ్చింది జాలి కాదు.

"అయినా మన మంచికేనమ్మా," అన్నాడు జోజి. "సుబ్బుగారు మాటిచ్చారు. సోమవారం కాక పై సోమవారం పాట రికార్డింగ్. పాట మొదట్లో గిటారు బిట్ ఉంది, అది నాదేనన్నారు. నా గిటారుతోనే వాయించాలన్నారు. ఆ టోను ఆయనకు ఎప్పట్నుంచో ఇష్టమట. ఈ ఒక్క బిట్టూ నిలబడిందంటే మళ్ళీ పిలుపులొస్తాయి. లేదంటే గుంటూరు వెళ్ళిపోవడమే. మా బావమరిది సైకిల్ షాపులో కూర్చోమంటున్నాడు."

సుబ్బు అంటే సంగీత దర్శకుడు. తాత పెట్టిన సుబ్బరామయ్య అనే పేరు పోస్టరు మీద పట్టదని సగానికి కోసుకున్నాడు.

జోజి వెళ్ళాక బెన్‌హర్ అడిగాడు, "ఏ చెక్క వేస్తావు?"

"పియానోది."

ఆయన తల అటక వైపు తిరిగింది. సికింద్రాబాదులో ఒక చర్చివాళ్ళు చెదలు పట్టిన పియానోను వదిలించుకుంటుంటే, ఆయన తోపుడుబండి మీద తెచ్చుకున్నాడు. దాని లోపలి పలక సీమ దేవదారు. వందేళ్ళ చెక్క, గీతలన్నీ కాపీపుస్తకంలో లాగా దగ్గరదగ్గరగా, తిన్నగా ఉంటాయి. దాంతో ఆయన నాలుగు గిటార్లు చేశాడు. ఇంకొక్క దానికి సరిపడా ముక్క అటక మీద దుప్పట్లో చుట్టి ఉంది. అది కరుణ సొంతంగా చేసే మొదటి గిటారుకని ఎప్పుడో అనుకున్నారు.

"ప్లైవుడ్ వేసి పంపినా ఆ వెధవలకు తెలియదు. గాడిదకేం తెలుసు గంధపుచెక్క వాసన?"

"గాడిదలకు కాదు నాన్నా. బాబాయికి."

"వాడూ గాడిదే."

"మన గాడిద," అంది కరుణ.

ఆమె మొదట తీగలు విప్పి, మెడ మీద వేళ్ళు నొక్కే మెట్ల పలక చివరను ఊడదీసి, అంచు బద్దను జాగ్రత్తగా లేపింది. తర్వాత పాత అట్లకాడను కిరసనాయిలు స్టవ్ మీద వేడిచేసి పలక కిందికి దూర్చింది. ఆ అట్లకాడ దోసెలు మాని పదేళ్ళయింది, అంచు కాగితంలా అరగదీసి ఉంటుంది. దాన్ని తోస్తూ పోతే లోపలి వజ్రపు బంక మెత్తబడి పాకంలా సాగింది. తోళ్ళు ఉడికించి తీసే ఆ బంక గుణమే అది. పట్టినప్పుడు ఇనుము, వేడి తగిలితే వదిలేస్తుంది. ఇవాళ్టి తెల్ల జిగురుకు ఆ మర్యాద తెలియదు. రెండో రోజు మధ్యాహ్నానికి పలక ఊడొచ్చింది. అడుగువైపు తండ్రి పెన్సిలుతో రాసుకున్న కొలతలు ఇంకా ఉన్నాయి. కొబ్బరినీళ్ళు దిగిన చోట లోపలి బద్దలు రెండు ఊడి వేలాడుతున్నాయి.

కొమురమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏందమ్మా, గీ డబ్బ లోపల ఏం లేకపాయె. గిన్ని దినాలు దేనికి పని?"

"ఏమీ లేకపోతేనే మోగేది అత్తా."

"గట్లయితే మా మర్ది తలకాయ గుడ మోగాలె," అని కొమురమ్మ వెళ్ళిపోయింది.

పియానో ముక్కను నిలువునా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిచి అతికించింది. ఆరాక చిత్రిక పట్టింది. ఇక్కడ కొలబద్ద కొంతవరకే పనికొస్తుంది. పలకను రెండు వేళ్ళతో ఒక మూల పట్టుకుని వేలాడదీసి, మెటికతో కొట్టి వినాలి. దళసరిగా ఉంటే పీట చప్పుడు, మరీ పల్చబడితే అప్పడం చప్పుడు. రెంటికీ మధ్య ఎక్కడో ఒకచోట చెక్క గొంతు విప్పుతుంది. ఆమె కొంచెం తీసేది, కొట్టేది, మంచం వైపు చూసేది. బెన్‌హర్ తల అడ్డంగా ఊపేవాడు. ఐదో రోజు ఆమె కొట్టి, మంచం వైపు చూడకుండా చిత్రిక కింద పెట్టేసింది. ఆయన అప్పటికే తల నిలువుగా ఊపుతున్నాడు.

బద్దలు కొత్తగా చెక్కి అతికించింది. పలకను డొల్ల మీద కూర్చోబెట్టి తాళ్ళతో బిగించింది. రెండు రోజులు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ రెండు రోజుల్లోనే వీరరాఘవయ్య హీరోను వెంటబెట్టుకుని వచ్చాడు. అబ్బాయికి ఇరవై రెండేళ్ళు, కళ్ళజోడు నెత్తిమీద ఉంది. తాళ్ళతో కట్టిపడేసిన గిటారును చూసి, "అంకుల్, దీనిమీద నా ఫేస్ పెయింట్ చేయిస్తే?" అన్నాడు.

"ఏ సైజులో బాబూ?" అని బెన్‌హర్ ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఫుల్ సైజ్."

"అంత మొహం దీనిమీద పట్టదు నాయనా."

పదో రోజుకు లక్క పాలిష్ రెండు పూతలు పడ్డాయి. పదకొండో రోజు ఆదివారం, ప్రార్థన నుంచి నేరుగా జోజి వచ్చాడు. తీగలు ఎక్కించిన గిటారు ఒళ్ళోకి తీసుకుని ఒక్కసారి మీటి, చటుక్కున అరచేత్తో తీగలు మూసేశాడు. చెయ్యి తీసి మళ్ళీ మీటాడు. మొహంలో ఆ పక్కవాడి మొహం వెతుక్కునే చూపు లేదు. కరుణ అతన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"కొత్త పలక కదా, గొంతు విప్పడానికి నెలలు పడుతుందనుకున్నాను," అన్నాడు.

"పలకే కొత్త. చెక్క పాతదే," అన్నాడు బెన్‌హర్. "వందేళ్ళు కీర్తనలు విన్న చెక్కరా అది. సినిమా పాట వాయించి చెడగొట్టకు."

సోమవారం కరుణ కూడా స్టూడియోకు వెళ్ళింది. ఏసీ చలికి కొత్త పలక ఎలా తట్టుకుంటుందో చూడాలని, సంచిలో చిన్న ఉలి, బంక సీసా, తీగలు పెట్టుకుంది. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా కింది అంతస్తునే స్టూడియోగా మార్చారు. అద్దం అవతల గదిలో జోజి ఒక్కడే, చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు మైకు. అద్దం ఇవతల మెషీన్ల ముందు సుబ్బు, వెనక సోఫాలో అచ్యుతరామయ్యగారు, ఆయన తెచ్చిన ఇద్దరు బయ్యర్లు, నిలబడి వీరరాఘవయ్య. పాడే ఆవిడ వచ్చి పక్క గదిలో టీ తాగుతోంది. కరుణకు తలుపు దగ్గర ఒక స్టూలు దొరికింది.

"జోజిగారూ, ముందు టోన్ చెక్ చేసుకుందాం," అన్నాడు సుబ్బు మైకులో. "ఒకటో తీగ. ఓపెన్‌గా ఒకసారి మెల్లగా. మోత పూర్తిగా చచ్చేదాకా కదలకండి. తర్వాత మధ్యస్తంగా. తర్వాత గట్టిగా. అయ్యాక ఒకటో మెట్టు."

జోజి వాయించాడు. ఒక్కో స్వరం మూడుసార్లు, ఒక్కో మెట్టూ. ఊపిరి కూడా బిగపట్టి వాయించాడు. అంత శ్రద్ధగా అతని చేత ఎవరూ ఎప్పుడూ వాయించుకోలేదు. గంట గడిచింది. రెండో తీగ అయింది. సుబ్బు ఒక్కో స్వరానికీ ఏవో మీటలు నొక్కి, పేరు పెట్టి, దాచుకుంటున్నాడు. మైకు సరిచూడడానికి ఇన్ని స్వరాలెందుకో కరుణకు అర్థం కాలేదు. అడగలేదు. చూస్తూ కూర్చుంది.

మూడో తీగ అయ్యాక సుబ్బు జోజి వైపు వినబడకుండా మైకు ఆపి, సోఫా వైపు తిరిగాడు. "వినండి సార్." కీబోర్డు మీద ఒక వేలితో నొక్కాడు. ప్లాస్టిక్ మీటలోంచి పియానో పలక మోగింది. ఇంకో మీట, ఇంకో మీట. పదకొండు రోజులు ఆమె వేళ్ళ కింద ఉన్న చెక్క, తను లేకుండానే, జోజి లేకుండానే పలుకుతోంది.

"ఇంకో మూడు తీగలు అయితే చాలు సార్. ఇక ఎన్ని సినిమాలకైనా జోజి నా వేలికిందే ఉంటాడు," అని నవ్వాడు సుబ్బు. "ఇవాళ్టి బిట్ కూడా నేనే వాయించేస్తాను."

"మరి ఈయన?" అన్నాడు అచ్యుతరామయ్య.

"ఈయనకు భోజనం పెట్టి పంపుదాం సార్."

అందరూ నవ్వారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు వాళ్ళ మొహాలు వెలిగిపోతున్నాయి. అద్దం అవతల జోజి, ఇటు నవ్వుతున్నారు కదా అని, తనూ నవ్వాడు.

కరుణ లేచి గదిలోకి వెళ్ళింది. హెడ్‌ఫోన్లు తీయించి, తగ్గు గొంతుతో రెండే ముక్కల్లో చెప్పింది. జోజి మొహం పాలిపోయింది. కానీ, "అలా అనకమ్మా. ముందు ఇది ఇచ్చేస్తే తర్వాత బిట్ ఇస్తారేమో. మాటిచ్చారు కదా. పెద్దవాళ్ళతో..." అన్నాడు.

"అన్నీ ఇచ్చేశాక నీతో ఏం పని బాబాయ్?"

"ఇప్పుడు కాదంటే అసలుకే మోసం. కాదని నేను చెప్పలేను."

"నువ్వు చెప్పొద్దు," అంది కరుణ. అతని చేతుల్లోంచి గిటారు తీసుకుని, ఇంకా వాయించని లావు తీగలు మూడూ వదులు చేసింది. దాన్ని పట్టుకుని అద్దం ఇవతలికి వచ్చింది.

"ఏమైంది?" అన్నాడు సుబ్బు.

"బ్రిడ్జి లేస్తోందండీ. ఏసీ చలికి బంక వదులుతోంది."

ఆమె గిటారును ఆయన ముక్కు దగ్గర పెట్టి, తీగలు కట్టిన ఆ చెక్కపట్టీ కింద వేలు పెట్టి చూపించింది. అక్కడ కాగితం కూడా దూరదు. సుబ్బు వంగి చూసి, "అవునవును, బాగా లేచింది," అన్నాడు. వీరరాఘవయ్య కూడా వంగి, "నేను అప్పుడే అనుకున్నానండీ," అన్నాడు.

"ఎంతసేపట్లో సరవుతుంది?"

"మళ్ళీ అతికించి ఆరాలంటే రోజులు పడుతుంది. ఇలా ఒక్కొక్క తీగనే గట్టిగా మీటితే ఊడి మీ మీదికొస్తుంది. పాట బిట్ అయితే ఒక్కసారికి ఆగుతుంది."

సుబ్బు కీబోర్డు వైపు చూశాడు. బిట్ మొదలయ్యేదే లావు తీగల మీద. అవి ఇంకా మెషీన్లోకి ఎక్కలేదు. పాడే ఆవిడ టీ అయిపోయి గుమ్మంలోకి వచ్చింది. బయ్యర్లలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. "కానీవయ్యా సుబ్బూ, ఏదో ఒకటి వినిపించు," అన్నారు అచ్యుతరామయ్యగారు.

"సరే, సరే. జోజీ, బిట్. ఒక్క టేక్."

'గారు' ఎగిరిపోయింది. కరుణ తీగలు మళ్ళీ బిగించి గిటారు జోజి చేతికిచ్చింది. ఎర్రలైటు వెలిగింది. జోజి కళ్ళు మూసుకుని ఆరో తీగ మీద మొదలుపెట్టాడు. నిండుబావిలో చేద దిగినట్టు స్వరం కిందికి దిగి, అక్కడ ఒక్క క్షణం నిలిచి, నెమ్మదిగా పైకి వచ్చింది. నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లూ కరుణకు ఎవరి మీదా ఏ ఏవగింపూ లేదు. ఆగిపోయాక, "బాగుంది, కానీ ఇంకొంచెం స్పీడుంటే డాన్సుకు బాగుండేది," అన్న వీరరాఘవయ్య మాటతో మళ్ళీ వచ్చింది.

తిరుగుదారిలో ఆటోలో జోజి ఆమెను తిడుతూనే ఉన్నాడు. "అబద్ధమాడావు. నా పేరు పోయింది. ఆయన మనసు నొచ్చుకుంది, నాకు తెలుసు. 'గారు' కూడా అనలేదు చూశావా? బెన్‌హర్ నీకు పని నేర్పాడు గానీ బతకడం నేర్పలేదు." కృష్ణానగర్ వచ్చేదాకా తిట్టి, దిగాక గిటారును బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తన గది వైపు పోయాడు. కరుణ పిలవలేదు. సిగ్గులేనివాడికి సిగ్గు తెప్పించడం ఆమె పని కాదు, పలక మార్చడమే ఆమె పని.

వారం దాకా అతను కొట్టు వైపు రాలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి, ఏమీ జరగనట్టు మంచం చివర కూర్చుని, బెన్‌హర్‌కు ఏదో పాత కీర్తన వాయించి వినిపించసాగాడు. కరుణ వేరే గిటారుకు మెట్లు తాపడం చేస్తోంది. సందులో కారు ఆగింది. వీరరాఘవయ్య చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చాడు.

"ఇక్కడున్నారా జోజిగారూ! మీ గదికెళ్ళి వస్తున్నాను. సుబ్బుగారు కారు పంపారు. ఆ బిట్ విని ఇంకో ఇద్దరు ప్రొడ్యూసర్లు అదే టోను కావాలంటున్నారట. మిగతా మూడు తీగలు కూడా ఒక గంటలో ఇచ్చేస్తే..."

"పాట ఉందాండీ?" అన్నాడు జోజి.

"పాటేముంది? తీగలేనండీ. బ్రిడ్జి సెట్టయిందా?"

జోజి కరుణ వైపు చూశాడు. కరుణ తల ఎత్తకుండా చిన్న సుత్తితో మెట్టు కొడుతోంది. అతను మొదటిసారి పక్కవాడి మొహం కోసం ఆగలేదు.

"ఎక్కడండీ, ఇంకా ఆరలేదు," అంటూ ఆరో తీగ మీటాడు. అది గదంతా నిండి, గోడకున్న గిటార్ల డొల్లల్లో కూడా మోగింది. "పాట ఉంటే చెప్పండి. ఎలాగో ఒకలాగ వచ్చి వాయిస్తాను. తీగలు మాత్రం ఇప్పట్లో కుదరదు రాఘవయ్యగారూ." ఐదో తీగ మీటాడు, నాలుగోదీ మీటాడు.

వీరరాఘవయ్య ఆ మోతలో నిలబడి గిటారు వైపు చాలా విచారంగా చూశాడు.

"అయ్యో," అన్నాడు. "ఎప్పటికి మోగుతుందంటారు?"